బేస్ పెంచితే పాట బాగుంటుందా?

హెడ్‌ఫోన్స్ కొనడానికి కోఠీలోనో, బీసెంట్ రోడ్డులోనో షాపుకెళితే వినపడే మొదటి ప్రశ్న ఒకటే... 'బేస్ బాగా వస్తుందా?' షాపతనూ తక్కువ తినలేదు. డప్పులు దద్దరిల్లే మాస్ పాట ఒకటి పెట్టి చెవులకు తగిలిస్తాడు. గుండెల మీద కొట్టినట్టుంటుంది. బేరం కుదిరిపోతుంది. ఇంటికొచ్చాక నాన్నగారు ముచ్చటపడి ఘంటసాల పాట పెట్టుకుంటే ఆ గొంతు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టుంటుంది. ఆన్‌లైన్ క్లాసులో మాస్టారి మాట అమ్మాయికి సగమే అర్థమవుతుంది. సరేనని వాల్యూమ్ పెంచుతారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది.

మనిషి చెవి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా వింటుంది. వయసు మీదపడేకొద్దీ పై అంచు తగ్గుతూ వస్తుంది. ఒకటో శ్రుతిలో పాడే గాయకుడి ఆధార షడ్జం దాదాపు 130 హెర్ట్జ్. ఐదో శ్రుతిలో పాడే గాయనిది 195కి కాస్త అటూఇటూ. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ పలికేది 41 హెర్ట్జ్ దగ్గర. అంటే అసలైన బేస్ గొంతు కంటే చాలా కింద ఉంటుందన్నమాట. కానీ బేస్ పేరు చెప్పి అమ్మే చాలా హెడ్‌ఫోన్స్ ఆ లోతును తేలేవు. 100 నుంచి 250 హెర్ట్జ్ మధ్య ఓ గుట్టను లేపి ఊరుకుంటాయి. సరిగ్గా గాయకుల గొంతుండేది అక్కడే! మాటకు స్పష్టతనిచ్చే హల్లులేమో పైన ఉంటాయి. స, శ, ష పలికేటప్పుడు వచ్చే గాలి చప్పుడు చాలావరకు 3,000 నుంచి 8,000 హెర్ట్జ్ మధ్యది. కింద గుట్ట లేస్తే పైనున్న ఆ సన్నని శబ్దాలు చిన్నబోతాయి. 'శివ' అన్నాడో 'సివ' అన్నాడో తెలీదు.

మరి ఏ శబ్దాన్నీ ఎక్కువా తక్కువా చేయకుండా గీత గీసినట్టు సమానంగా పలికేదే మంచి హెడ్‌ఫోనా అంటే, కాదు. ఎదురుగా స్పీకరు మోగుతుంటే ఆ శబ్దం భుజాలకీ, తలకీ, చెవి దొప్పకీ తగిలి లోపలికి వెళుతుంది. రెండున్నర సెంటీమీటర్ల చెవి గొట్టం 3,000 హెర్ట్జ్ ప్రాంతంలోని శబ్దాన్ని సహజంగానే పెంచుతుంది. పుట్టినప్పటి నుంచీ అలా వినడానికే అలవాటుపడ్డాం. హెడ్‌ఫోన్ ఈ దారినంతా దాటేసి నేరుగా చెవి దగ్గర మోగుతుంది. కాబట్టి ఆ పెంపును అదే కల్పించాలి. అది ఎంత ఉండాలన్నదాని మీద హర్మాన్ కంపెనీలో షాన్ ఒలివ్ బృందం 2012 నుంచి వరసగా పరీక్షలు చేసింది. ఏ బ్రాండో తెలియకుండా వినిపిస్తే ఎక్కువమంది మెచ్చింది మంచి గదిలో మంచి స్పీకర్లు మోగినట్టుండే హెడ్‌ఫోన్స్‌నే. అంటే కింద కొద్దిగా బరువు, 3,000 దగ్గర ఓ కొండ, ఆపైన మెల్లగా దిగే వాలు. బేస్ కొంచెం ఎక్కువుంటే జనానికి నచ్చుతుందన్నది నిజమే. ఆ 'కొంచెం' దగ్గరే షాపుల్లో లెక్క తప్పుతోంది.

జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 2017లో 283 హెడ్‌ఫోన్స్ కొలతలు ముందేసుకుని చూశాడు. ధరకూ, అవి హెచ్చుతగ్గు స్థాయులను పలికే తీరుకూ పొంతనే కనిపించలేదు. అలాగని ఖరీదైనవన్నీ మోసమని కాదు. ఆ డబ్బు మెత్తటి దిండ్లకీ, మైకుకీ, చప్పుడును తగ్గించే ఏర్పాటుకీ, పేరుకీ పోతుంది. వాటిలో మనకేది కావాలో చూసుకోవాలి. బస్సుల్లో, రైళ్లలో తిరిగేవాళ్లకు నాయిస్ క్యాన్సిలింగ్ నిజంగానే పనికొస్తుంది. ఇది బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టిన అమర్ బోస్‌కి 1978లో జ్యూరిచ్ నుంచి విమానంలో వస్తుండగా తట్టిన ఆలోచన. సీట్లో కూర్చునే లెక్కలు వేసుకున్నాడట. ఇంజిన్ రొద, ఫ్యాను హోరు లాంటి ఎడతెగని చప్పుళ్లను ఇది బాగా తగ్గిస్తుంది. పక్కింటి మిక్సీని, పక్కసీటు కబుర్లను అంతగా ఆపలేదు.

చెవిలో దూర్చుకునే రకం కొంటే డబ్బాలో మూడు సైజుల రబ్బరు తొడుగులు వస్తాయి. మధ్య సైజు ముందే తొడిగి ఉంటుంది. చాలామంది మిగతా రెంటినీ డబ్బాలోంచి తీయనైనా తీయరు. తొడుగు చెవికి అతుక్కోకుంటే అన్నిటికంటే ముందు బేస్ కారిపోతుంది. 'ఇందులో బేస్ లేదు' అని వెనక్కిచ్చేసిన వాటిలో తొడుగు సరిపోనివి ఎన్నో! రెండు చెవులూ ఒకే సైజు కానక్కర్లేదు కూడా. చెవి మొత్తాన్ని కప్పే రకంలో కళ్లజోడు కాడలు ఇదే పని చేస్తాయి. అందుకే షాపులో కళ్లజోడు తీయకుండానే పెట్టుకుని చూడాలి. పరీక్షలకు చదివే పిల్లలు రోజూ మూడు నాలుగు గంటలు వాడతారు కాబట్టి బరువూ, పట్టూ ముఖ్యం. వైరు లేని బుల్లి బడ్స్ సుఖమే కానీ వాటి బ్యాటరీని సాధారణంగా మార్చలేం. కొన్నేళ్లకు అది నీరసిస్తే మొత్తం పారేయాల్సిందే. కీబోర్డు నేర్చుకునే పిల్లలకైతే వైరున్నదే కొనివ్వాలి. బ్లూటూత్‌లో మీట నొక్కిన కాసేపటికి గానీ స్వరం వినపడదు.

కొన్నది నచ్చకపోతే? పారేయనక్కర్లేదు. ఈక్వలైజర్ ఉంది. ఈ పేరు టెలిఫోన్ వాళ్లు పెట్టింది. దూరాభారపు తీగల్లో ప్రయాణించేసరికి మాటలోని పై స్థాయులు సన్నగిల్లేవి. వాటిని మళ్లీ పెంచి, పంపినదానికీ అందినదానికీ సమానం చేసేదే ఈక్వలైజర్. పెంచుకుంటూ పోయే యంత్రం కాదది, లోటును సరిచేసే యంత్రం. ఫోన్లలో 'రాక్', 'పాప్', 'జాజ్' అని ఉండే బటన్లను పక్కనపెట్టేయొచ్చు. మీ హెడ్‌ఫోన్ ఎలాంటిదో వాటికి తెలీదుగా!

గొంతు మసకగా ఉంటే 200 హెర్ట్జ్ మీటను మూడు డెసిబెల్స్ కిందికి దించి చూడండి. దుప్పటి తొలగినట్టుంటుంది. 'స' అన్నప్పుడల్లా చెవిలో పొడుస్తుంటే 6,000 - 8,000 మధ్య రెండు మూడు తగ్గించాలి. బేస్ నిజంగానే చాలకపోతే 100కి దిగువున పెంచాలి, పైన కాదు. ఆరు డెసిబెల్స్ పెంచినప్పుడు ప్రీయాంప్ అనే మీటను అంతే కిందికి దించడం మర్చిపోకూడదు. లేకుంటే శబ్దం పరిమితి దాటి బరబరమంటుంది. మామూలు మీటలతో తృప్తి లేనివాళ్లకు పారామెట్రిక్ రకం ఉంది. 1972లో జార్జ్ మాసెన్‌బర్గ్ దీనిమీద పత్రం సమర్పించాడు. ఏ హెర్ట్జ్ దగ్గర, ఎంత మేర, ఎంత వెడల్పున సరిచేయాలో ఇందులో మనమే చెప్పొచ్చు. విండోస్ కంప్యూటర్లో ఈక్వలైజర్ ఏపీవో ఉచితం. వేలకొద్దీ హెడ్‌ఫోన్స్ కొలతలను తీసుకుని, ఒక్కోదానికి ఏ మీట ఎంత పెట్టాలో ముందే లెక్కగట్టిన ఆటోఈక్యూ కూడా ఉచితమే.

మార్చాక బాగుందో లేదో తేల్చుకునేటప్పుడు ఓ మోసం ఉంది. రెండింటిలో ఏది కాస్త గట్టిగా వినిపిస్తే అదే బాగున్నట్టనిపిస్తుంది. చిన్న వాల్యూమ్‌లో మన చెవికి బేస్ తక్కువగా వినపడుతుందని ఫ్లెచర్, మున్సన్ 1933లోనే కొలిచి చూపారు. అందుకే రెండింటి చప్పుడూ సమానంగా పెట్టి పోల్చాలి. షాపులో మాస్ పాట గెలవడానికి సగం కారణం ఇదే. పరీక్షకు బాగా తెలిసిన పాట తీసుకెళ్లాలి. ఇళయరాజా బాణీలు దీనికి భేషుగ్గా పనికొస్తాయి. 'గీతాంజలి' (1989) పాటల్లో బేస్ గిటార్ నడక విడిగా వినిపిస్తూ, గొంతు దాని కింద నలిగిపోకుండా ఉందంటే కొనొచ్చు. 'మాయాబజార్' (1957) కాలం నాటి పాటలకు ట్రెబుల్ పెంచితే మాత్రం ప్రయోజనం అంతంతే. ఆనాటి రికార్డింగుల్లో పై స్థాయులు తక్కువ. పెంచితే బుసే పెరుగుతుంది.

ఇక వాల్యూమ్ సంగతి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా ఫర్వాలేదనీ, పిల్లలకు 75 దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం చెబుతోంది. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వినదగ్గ సమయం సగమైపోతుంది. 83కి 20 గంటలు, 86కి పది, 89కి అయిదు... అదీ వారానికి! బస్సు రొద మీద పాట వినపడాలని పెంచే పిల్లాడు ఈ కోటాను రెండు రోజుల్లోనే ఖర్చుచేసేయగలడు. తొడుగు సరిగ్గా అతుక్కుని, గొంతు స్పష్టంగా ఉంటే అంత పెంచాల్సిన పనే ఉండదు. చాలా ఫోన్లలో గరిష్ఠ వాల్యూమ్‌కి హద్దు పెట్టే ఏర్పాటు సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. పిల్లల ఫోన్లో అది అమ్మో నాన్నో పెట్టాలి.

ఏ హెడ్‌ఫోన్ మార్చినా, ఏ మీట జరిపినా మాటలు అందడంలేదని ఇంట్లో ఎవరైనా అంటుంటే తప్పు హెడ్‌ఫోన్‌ది కాకపోవచ్చు. ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఆడియోగ్రామ్ తీయించాలి. అదీ ఈక్వలైజర్ లాంటి బొమ్మే. అడ్డంగా హెర్ట్జ్, నిలువుగా డెసిబెల్స్ ఉంటాయి. పెద్ద చప్పుళ్లకు దెబ్బతిన్న చెవిలో సాధారణంగా 4,000 హెర్ట్జ్ ప్రాంతంలో ఓ గుంత కనిపిస్తుంది. ఫోన్లో మీట పైకి జరిపి ఆ గుంతను సొంతంగా పూడ్చాలని చూస్తే, దెబ్బతిన్న చోటే మళ్లీ కొట్టినట్టవుతుంది. అప్పుడు ఎంత పెంచాలో, అసలు పెంచాలో వద్దో డాక్టరే చెప్పాలి.