దొంగ ఎవరు?

ఈ నెల వంటింటికి సెలవిచ్చి మిమ్మల్ని అడవికి తీసుకెళ్తాను.

మేముండేది టాంజానియాలోని దార్-ఎస్-సలామ్‌లో. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఉంటూ ఎంగోరోంగోరో చూడలేదంటే నవ్వుతారు. పిల్లలు చిన్నవాళ్ళని వాయిదా వేస్తూ వచ్చాం. ఈసారి తెనాలి నుంచి అత్తయ్యగారు రావడంతో ముడిపడింది.

ఎప్పుడో కూలిపోయిన అగ్నిపర్వతం మిగిల్చిన పెద్ద గిన్నె లాంటి లోయ అది. అంచు నుంచి అడుగుకి సుమారు 600 మీటర్లు. అడుగున 260 చదరపు కిలోమీటర్ల దాకా గడ్డిమైదానం. తెల్లవారుతూనే స్వెట్టర్లు వేసుకుని, పులిహోర డబ్బా పట్టుకుని జీపులో దిగాం.

కాసేపటికే డ్రైవరు బండి ఆపాడు. దారి పక్కనే రెండు మగ సింహాలు జీబ్రాని తింటున్నాయి. చుట్టూ పది పన్నెండు దుమ్ములగొండులు దూరం దూరంగా తచ్చాడుతున్నాయి.

"పాపం, అది కష్టపడి వేటాడుకుంటే ఈ దొంగపీనుగులు ఎలా కాచుకున్నాయో చూడవే," అన్నారు అత్తయ్య. మా చిన్నాడు "గో అవే!" అని అరవబోతే నోరు మూశాను.

డ్రైవరుకి తెలుగు రాదు కానీ ఆవిడ మొహం చూసి సంగతి గ్రహించినట్టున్నాడు. "మామా, ఆ ఫిసిల మూతులు, మెడలు చూడండి," అన్నాడు. స్వాహిలీలో ఫిసి అంటే దుమ్ములగొండి. బైనాక్యులర్స్‌లో చూస్తే వాటి మూతులు, మెడలు ఎండిన నెత్తురుతో నల్లగా ఉన్నాయి. కొన్నిటి పొట్టలు అప్పటికే నిండి వేలాడుతున్నాయి. అంటే ముందు విస్తరి వేసుకున్నది అవే. సింహాలు తర్వాత వచ్చి వాటిని లేపేశాయి. "రాత్రి మనం ఇక్కడ లేం కదా, వచ్చేసరికి సింహం కనబడింది," అని నవ్వాడు.

బీఎస్సీలో జువాలజీ చదివిన నాకు అప్పుడు గుర్తొచ్చింది. 1960లలో హన్స్ క్రూక్ అనే డచ్ శాస్త్రవేత్త ఇక్కడే దుమ్ములగొండుల మీద పరిశోధన చేశాడు. అప్పటిదాకా అవి సింహాల ఎంగిలి తిని బతుకుతాయనే అందరూ అనుకునేవారు. ఆయన వెన్నెల రాత్రుల్లో వాటి వెనకే బండిలో తిరిగాడు. చూస్తే, ఈ లోయలో అవి తినేదాంట్లో ఎక్కువ భాగం సొంత వేటే! గుంపుగా జీబ్రాలని తరిమి పడగొడతాయి. ఆ గోల మైళ్ళ దూరం వినిపిస్తుంది. అది విని సింహాలు వచ్చి లాక్కుంటాయి. 1972లో ఆయన పుస్తకం వచ్చింది కానీ, సినిమాల్లో దుమ్ములగొండి ఇప్పటికీ విలనే.

అలాగని అది అమాయకురాలేం కాదు. మగ సింహం దగ్గర లేకపోతే, తమ బలగం ఆడ సింహాలకి నాలుగింతలుంటే, వాటినే తరిమేసి వేట లాక్కుంటాయని బోట్స్వానాలో గమనించారు. చిరుతపులి ఈ బాధ పడలేకే వేటని చెట్టెక్కిస్తుంది. చీతా అయితే దుమ్ములగొండి కనబడితే చాలు, చాలాసార్లు పోట్లాడకుండానే వదిలేసి వెళ్ళిపోతుంది. కాలికి దెబ్బ తగిలితే రేపటి పరుగు ఉండదు, పరుగు లేకపోతే తిండి ఉండదు. పిరికితనం కాదు, లెక్క.

ఇంకో మాట. ఈ మచ్చల దుమ్ములగొండుల గుంపుకి పెత్తనం ఆడవాళ్ళదే. అత్తయ్యకి చెబితే, "అయితే మన ఇల్లే!" అన్నారు.

ఇదంతా పిల్లలకి చెబుతుంటే మా పెద్దది కిటికీ వైపు తిరిగి నెమ్మదిగా అంది: "నువ్వూ అంతేగా అమ్మా. చివర్లో వచ్చి చూస్తావు."

దేని గురించో నాకు వెంటనే తెలిసింది. ప్రయాణానికి వారం ముందు గదిలో కేకలు వినబడితే, స్టవ్ కట్టేసి పరిగెత్తాను. చిన్నాడు ఏడుస్తున్నాడు. పెద్దదాని చేతిలో వాడి రంగుల పెట్టె. ఇంకేం అడగలేదు, దానికి రెండు తగిలించాను. అది నోరు గట్టిది, మొహం చిట్లిస్తుంది. వాడివి బూరెబుగ్గలు, కళ్ళనిండా నీళ్ళు. అంతకుముందు వాడు దాని సైన్స్ చార్ట్ మీద గీతలు గీశాడని, అందుకే పెట్టె లాక్కుందని నాకు ఆ జీపులో తెలిసింది. చార్ట్ అది రాత్రంతా కూర్చుని మళ్ళీ వేసుకుందట. నాకు చెప్పలేదు.

"సారీ రా," అన్నాను. అది ఏమీ అనలేదు. కాసేపటికి బైనాక్యులర్స్ నా చేతిలోంచి తీసుకుని, "ఆ చివర్లో ఉన్నది తల్లేమో, పిల్లలున్నాయి చూడు," అంది.

ఇప్పుడు గదిలో కేకలు వినబడితే, గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగుతున్నాను. ముందు ఇద్దరి చేతులూ చూస్తాను. తర్వాత పెద్దదాన్ని మొదట మాట్లాడనిస్తాను. మీ ఇళ్ళల్లో ఎవరి మాట ముందు వింటారో వచ్చే నెలలోపు నాకు రాయండి.