చౌరస్తా గీతలు ఎవరి కోసం?



వార్షికోత్సవ సంచికకు వ్యాసం రాయమంటే చాలామంది చదువుల గురించో, ఉద్యోగాల గురించో, రిజర్వేషన్ల గురించో రాస్తారు. అవన్నీ అవసరమే. మేం మాత్రం ఈసారి మనం రోజూ దాటే చౌరస్తా గురించి, ఆ చౌరస్తాలో వేసే తెల్ల గీతల గురించి రాయాలనుకున్నాం. ఇదేం పెద్ద విషయమా అని కొందరు నవ్వవచ్చు. కానీ హాస్టల్ నుంచి బడికి, కాలేజీకి నడిచిపోయేది మనమే. సైకిల్ తొక్కేది మనమే. సెలవులు అయిపోయాక బస్సు దిగి, ట్రంకుపెట్టె మోసుకుంటూ రోడ్డు దాటేది మనమే. మనల్ని చూడ్డానికి ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలు భయం భయంగా నిలబడిపోయేది కూడా ఆ చౌరస్తాలోనే. కాబట్టి ఇది మన విషయమే.

మన సిద్దిపేట రోడ్ల కూడలి మీద పెరిగిన పట్టణం. హైదరాబాద్ నుంచి కరీంనగర్ మీదుగా రామగుండం పోయే రాజీవ్ రహదారి మన పక్కనుంచే పోతుంది. మెదక్ నుంచి ఎల్కతుర్తి దాకా పోయే 765డీజీ జాతీయ రహదారి కూడా మన మీదుగానే. 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రం అయినప్పటి నుంచి ఆఫీసులు పెరిగాయి, కాలేజీలు పెరిగాయి, బండ్లు పెరిగాయి. ఒక వరుస రోడ్లు రెండు వరుసలు, రెండు వరుసలవి నాలుగు వరుసలు అవుతున్నాయి. రోడ్డు వెడల్పయితే అందరూ సంతోషిస్తారు. వెడల్పయిన రోడ్డు చౌరస్తాకు వచ్చేసరికి ఏమవుతుందో మాత్రం ఎవరూ ఆలోచించరు.

సర్కిల్ కట్టడం వెనుక ఉన్న లెక్క చాలా మంచిది. నాలుగు దారులు మామూలుగా కలిసే చోట బండికీ బండికీ తగిలే అవకాశమున్న బిందువులు 32 ఉంటాయని ట్రాఫిక్ ఇంజనీర్లు చెబుతారు. అదే చోట ఒక్క వరుసతో గుండ్రటి సర్కిల్ కడితే అవి 8కి తగ్గుతాయి. అందరూ ఒకే వైపు తిరుగుతారు కాబట్టి ఎదురెదురుగా గుద్దుకోవడం ఉండదు. వేగమూ తగ్గుతుంది. కరెంటు పోయినా సర్కిల్ పనిచేస్తుంది, సిగ్నల్ పనిచేయదు.

అయితే ఈ లాభం దక్కాలంటే ఒక నియమం కావాలి. ముందు ఎవరు పోవాలి? ఒకప్పుడు ఇంగ్లండులో కూడా దీనికి ఖచ్చితమైన జవాబు లేదు. వచ్చినవాళ్లందరూ లోపలికి దూరి, సర్కిల్ బిగుసుకుపోయేది. 1966 నవంబరులో అక్కడ నియమం పెట్టారు. సర్కిల్‌లో ఇప్పటికే తిరుగుతున్న బండికి, అంటే కుడి వైపు నుంచి వచ్చేదానికి, బయటివాడు దారి ఇవ్వాలి. ఆ ఒక్క నియమంతో సర్కిళ్లు కదలడం మొదలయ్యాయి. మనమూ వాళ్లలాగే ఎడమ పక్క నడిపేవాళ్లమే కాబట్టి అదే పద్ధతి మనకూ సరిపోతుంది. మన దేశంలో 2017లో వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు కూడా సర్కిల్‌లో ఉన్న బండికే ముందు హక్కు ఇచ్చాయి. ఈ సంగతి ఎంతమందికి తెలుసు? లైసెన్సు ఉన్న పదిమందిని అడిగి చూడండి. మేం అడిగినవాళ్లలో ఎక్కువమంది చెప్పిన జవాబు ఒక్కటే: "ఎవడు ముందు దూరితే వాడిదే."

ఒక వరుస సర్కిల్‌లో ఈ అజ్ఞానం ఎలాగో గడిచిపోతుంది. రెండు, మూడు వరుసల సర్కిల్‌లో మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. లోపలి వరుసలో తిరుగుతున్న కారు బయటికి పోవాలంటే బయటి వరుసను కోసుకుంటూ పోవాలి. అదే సమయంలో బయటి వరుసలో ఉన్న సైకిల్ ఇంకా ముందుకు పోవాలనుకుంటుంది. ఇద్దరిదీ తప్పు కాదు. ఎవరు ఏ వరుసలో ఉండాలో చెప్పాల్సిన గీత అక్కడ లేకపోవడమే తప్పు. ఎడమకు తిరిగేవాళ్లు, నేరుగా పోయేవాళ్లు ఏ వరుస పట్టాలి, కుడికి తిరిగేవాళ్లు ఏ వరుస పట్టాలి అన్నది సర్కిల్‌కు చాలా ముందే బాణం గుర్తులతో చెప్పాలి. లోపలికి దూరాక చెబితే లాభం లేదు.

మన పట్టణాల చౌరస్తాల్లో జరిగేది ఏమిటి? సర్కిల్‌కు రెండు వరుసలుగా వచ్చే రోడ్డు లోపలికి రాగానే గీతలు లేని మైదానం అయిపోతుంది. బాణం గుర్తు వేస్తారు కానీ బండ్లు గుమిగూడే చోటనే వేస్తారు, అది టైర్ల కింద ఉంటుంది. కొత్తగా తారు వేశాక గీతలు మళ్లీ వేయడానికి నెలలు పడుతుంది. వేశాక పాత గీత ఒక పక్కకు, కొత్త గీత ఇంకో పక్కకు చూపిస్తుంది. జీబ్రా గీతలు పోయి పోయి డివైడర్‌కు తగులుతాయి, అక్కడ మనిషి దూరే సందు ఉండదు. ఎడమ వరుస ఆటోల అడ్డా అవుతుంది. బయటికి పోయే మూల మీదనే బస్సు ఆగుతుంది. వాన పడే రాత్రి అయితే ఏ గీతా కనిపించదు.

"మనవాళ్లకు క్రమశిక్షణ లేదు, గీతలు వేసి ఏం లాభం?" అని పెద్దలు అంటుంటారు. మేం ఒప్పుకోం. మన మెస్సులో వంద మంది ప్లేట్లు పట్టుకుని వరుసలో నిలబడతాం. ఆకలి మీద ఉన్న పిల్లలు కూడా వరుస తప్పరు. ఎందుకంటే వరుస ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అందరికీ కనిపిస్తుంది. మధ్యలో దూరితే అడిగేవాళ్లూ ఉంటారు. అదే వరుస నాలుగు చోట్ల మొదలైతే? వడ్డించేవాళ్లు రోజుకో చోట నిలబడితే? అప్పుడు బలమున్నవాడు ముందు తింటాడు, చిన్నపిల్లాడు చివరికి పోతాడు. చౌరస్తాలోనూ అంతే. నియమం కనిపించని చోట బలమే నియమం అవుతుంది.

ఇక్కడే మాకు అసలు విషయం కనిపిస్తుంది. గీతలు లేని చౌరస్తాలో లారీకి కారు దారి ఇస్తుంది. కారుకు ఆటో, ఆటోకు బైకు, బైకుకు సైకిలు దారి ఇస్తాయి. సైకిలు కూడా నడిచేవాడి మీదికి గంట కొట్టుకుంటూ పోతుంది. పైవాడికి లొంగుతూ కిందివాడిని తొక్కే ఈ అంచెలు మనకు కొత్తవా? బాబాసాహెబ్ అంబేద్కర్ జీవితాంతం ఎండగట్టింది ఈ అంచెలంచెల అసమానతనే కదా! ఊరూరా చౌరస్తాలో ఆయన విగ్రహం వేలెత్తి నిలబడి ఉంటుంది. ఆ విగ్రహం చుట్టూనే పెద్ద బండికి పెద్ద హక్కు, చిన్న బండికి చిన్న హక్కు, కాలినడకకు ఏ హక్కూ లేని రాజ్యం నడుస్తూ ఉంటుంది. జయంతికి దండ వేసి దిగి వచ్చేటప్పుడు మనం కూడా హారన్ కొట్టుకుంటూ దూరిపోతే ఆ దండకు అర్థం ఏముంది?

రోడ్డు మీద నడిచే హక్కు మనకు ఎవరూ దానంగా ఇవ్వలేదు. 1893లో తిరువాన్కూరు సంస్థానంలో అయ్యంకాళి ఎడ్లబండి కట్టుకుని, తమ కులానికి నిషేధించిన బాటల మీద ధైర్యంగా తోలుకుంటూ పోయాడు. 1924 మార్చిలో మొదలైన వైక్కం సత్యాగ్రహం గుడిలోకి పోవడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడవడానికి. ఇరవై నెలలు సాగింది ఆ పోరాటం. అంత కష్టపడి సాధించుకున్న రోడ్డు మీద ఇవాళ మన తమ్ముడు పది నిమిషాలు నిలబడి, దేవుడి మీద భారం వేసి పరుగెత్తాల్సి వస్తోంది. చట్టం అడ్డు తీసింది, చౌరస్తా మళ్లీ అడ్డు పెట్టింది.

ఇది మాటల గారడీ కాదు. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో నడిచిపోయేవాళ్లు 32,825 మంది. బైకులు, స్కూటర్ల మీద పోయేవాళ్లు దాదాపు 75 వేల మంది. అంటే చనిపోయిన వాళ్లలో సగానికి మించి మనలాంటి వాళ్లే. ఈ మరణాలన్నీ చౌరస్తాల్లోనే జరిగాయని మేం అనడం లేదు. కానీ రోడ్డు ఎవరి కోసం కడుతున్నారో, ఎవరి ప్రాణం తీస్తోందో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మరి ఏం చేయాలి? పెద్ద సర్కిళ్లు ఇరుకైతే ఫ్లైఓవర్లు కట్టడం ఒక దారి. విజయవాడ బెంజి సర్కిల్‌లో 2020లో ఒకటి, 2021లో ఇంకొకటి వచ్చాయి. కానీ ఫ్లైఓవర్ దూరం పోయేవాళ్లను పైనుంచి దాటిస్తుంది. కింద రోడ్డు దాటేవాడి బాధ కిందనే ఉంటుంది. పైగా ప్రతి పట్టణానికీ అంత ఖర్చు సాధ్యం కాదు. నెదర్లాండ్స్‌లో ఇంకో మార్గం కనిపెట్టారు. అక్కడి ఇంజనీరు ఫోర్టయిన్ 1990లలో రూపొందించిన టర్బో సర్కిల్‌లో వరుసలు సుడి ఆకారంలో ఉంటాయి. లోపలికి రాకముందే నీ వరుస ఎంచుకోవాలి. వరుసల మధ్య కొద్దిగా ఎత్తయిన గట్టు ఉంటుంది కాబట్టి మధ్యలో కోసుకుంటూ పోవడం కుదరదు. బుద్ధిగా పోవడం తప్ప వేరే దారి లేకుండా రోడ్డే నేర్పిస్తుంది. మనకు ఇదే అచ్చంగా సరిపోతుందని కాదు. ట్రాక్టర్లు, ఆటోలు, గొర్ల మందలు నడిచే రోడ్లు మనవి. కానీ తప్పు మనుషుల్లోనే వెతకకుండా రోడ్డులో కూడా వెతకడం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు.

మన దగ్గర పద్ధతులు లేక కాదు. 1934లో ఏర్పడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ గీతలు ఎలా వేయాలో, సర్కిళ్లు ఎలా కట్టాలో వేరువేరుగా ప్రమాణాలు రాసిపెట్టింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ సెక్షన్ చేర్చారు. రోడ్డు రూపకల్పనలో, నిర్మాణంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా బాధ్యులైన అధికారులకు, కాంట్రాక్టర్లకు లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. హెల్మెట్ లేనివాడి ఫొటో తీయడానికి చూపే శ్రద్ధ ఈ సెక్షన్ మీద ఎందుకు చూపరు?

మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేం. చదువుకున్నవాళ్లు ఏం చేయాలి అని ఊర్లో పెద్దలు అడిగితే ఉద్యోగం ఒక్కటే జవాబు కాకూడదని మా అభిప్రాయం. మన హాస్టల్ పిల్లలు ఒక ఆదివారం చౌరస్తాలో కూర్చుని గంటకు ఎంతమంది నడిచి దాటుతున్నారో, ఎంతసేపు ఆగుతున్నారో లెక్క రాయవచ్చు. ఆ కాగితం పట్టుకుని సోమవారం ప్రజావాణికి పోవచ్చు. గీతలు ఎప్పుడు వేశారు, ఏ ప్రమాణం ప్రకారం వేశారు అని 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జీబ్రా గీతలు సర్కిల్ అంచు నుంచి ఒక బండి పొడవు వెనక్కి జరపమని, డివైడర్‌లో సందు ఇవ్వమని, ఆటోలకు వేరే చోటు చూపమని, బాణం గుర్తులు ముందుగా వేయమని, తెలుగులో బోర్డు పెట్టమని కోరవచ్చు. ఇందులో కోట్లు అడిగేది ఏదీ లేదు. కొంత రంగు, కొంత సిమెంటు, ఎక్కువ శ్రద్ధ.

ఉద్యోగాలు వచ్చి బండ్లు కొన్న అన్నలకు, అక్కలకు ఒక మనవి. నిన్నటిదాకా మీరూ ఆ రోడ్డు పక్కన నిలబడినవాళ్లే. సర్కిల్ దగ్గర కుడి వైపు చూసి ఆగండి. బయటికి పోయేటప్పుడు ఎడమ ఇండికేటర్ వేయండి. హాస్టల్ పిల్లలు దాటుతుంటే హారన్ మీద చేయి తీసి బ్రేకు మీద కాలు పెట్టండి. గీతలు వేయించే పని మేం మొదలుపెడతాం, మీ సంతకాలు కూడా కావాలి.

జై భీమ్!