బిళ్ల పెట్టుకున్నవాడే బోనెక్కితే...

మన తెలుగు కౌబాయ్‌లకి ఒక చిత్రమైన అలవాటుంది. పేర్లోనే దొంగతనం. 1971లో కృష్ణ టోపీ పెట్టుకుని గుర్రమెక్కితే అది ‘మోసగాళ్లకు మోసగాడు’. 2002లో మహేశ్‌బాబు ఎక్కితే ‘టక్కరి దొంగ’. గుర్రం, తుపాకీ, ఒక నిధి ఉంటే మనకి చాలు. ఛాతీ మీద నక్షత్రం బిళ్ల తగిలించుకుని ఊరిని కాపాడే మార్షల్ సంగతి మనవాళ్లు అంతగా పట్టించుకోలేదు.

అమెరికా టీవీ మాత్రం ఆ బిళ్ల చుట్టూనే తిరిగింది. 1955 సెప్టెంబరు 6న ‘ది లైఫ్ అండ్ లెజెండ్ ఆఫ్ వయట్ ఎర్ప్’ మొదలైంది. నాలుగు రోజులు తిరక్కుండా ‘గన్‌స్మోక్’ వచ్చింది. ఎర్ప్ వేషం హ్యూ ఓబ్రయన్‌ది. నల్లకోటు, పూల వెయిస్ట్‌కోటు, పొడుగు గొట్టం పిస్తోలు. ఆరేళ్లపాటు ఇంటిల్లిపాదీ కూర్చుని చూశారు.

ఆ సీరియల్ ముగించిన తీరే నాకు నచ్చింది. 1961 జూన్ 20న ఓకే కొరాల్ కాల్పులు చూపించారు. ఎర్ప్ కథలో అంతకు మించిన ఘట్టం లేదు. మనమైతే అక్కడే శుభం కార్డు వేసి పంపించేస్తాం. వాళ్లు మరో వారం ఆగమన్నారు. జూన్ 27న వచ్చిన చివరి ఎపిసోడ్ పేరు ‘ది అవుట్‌లాస్ క్రై మర్డర్’. హత్య చేశారంటూ దొంగలే గగ్గోలు పెట్టారన్నమాట. ఆరేళ్లుగా అందరినీ జైల్లో పెట్టినవాడు, చివరి అరగంటలో తనే ముద్దాయి.

ఇది రచయితల కల్పన కాదు. 1881 అక్టోబరు 26న అరిజోనాలోని టూంబ్‌స్టోన్‌లో కాల్పులు జరిగాయి. సుమారు 30 సెకన్లలో 30 గుళ్లు పేలాయి, ముగ్గురు చనిపోయారు. పట్టణ పోలీసు అధికారి వర్జిల్ ఎర్ప్, తమ్ముళ్లు వయట్, మోర్గన్, వాళ్ల మిత్రుడు డాక్ హాలిడే ఒకవైపు. క్లాంటన్, మెక్‌లారీ అన్నదమ్ములు మరోవైపు. కాల్పులు మొదలవగానే పారిపోయిన ఐక్ క్లాంటనే ఆ తర్వాత హత్య కేసు పెట్టాడు. జిల్లా షెరీఫ్ బీహన్ కూడా పోలీసులకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పాడు. విచారణ జరుగుతుండగానే వయట్‌నీ డాక్‌నీ జైల్లో పెట్టారు.

జడ్జి వెల్స్ స్పైసర్ దాదాపు నెల రోజులు సాక్షుల్ని విన్నాడు. రెండు పక్షాల స్నేహితులూ చెప్పాల్సిందే చెప్పారు. వాళ్లనలా ఉంచితే, ఎవరికీ చుట్టం కాని ఇద్దరి మాట ఆయన ప్రత్యేకంగా పట్టించుకున్నాడు. ఒకరు సెలవు మీద ఊళ్లోకొచ్చిన రైలు ఇంజన్ డ్రైవరు. ఇంకొకరు బట్టలు కుట్టుకునే అడీ బోర్లాండ్. తన ఇంట్లోంచి ఆ వీధిని చూసింది. చనిపోయినవాళ్లు చేతులెత్తేశారని బీహన్ వర్గం అంటే, చేతులెత్తినవాళ్లెవరినీ తాను చూడలేదని ఆమె చెప్పింది.

నవంబరు 30న తీర్పు. విధి నిర్వహణలోనే కాల్చారు, హత్య కేసు నిలబడదు అన్నాడు జడ్జి. అంతటితో ఊరుకోలేదు. అసలే పగలున్న వయట్‌నీ డాక్‌నీ సాయానికి పిలవడం తెలివితక్కువ పని అని వర్జిల్‌కి చీవాట్లు పెట్టాడు. ఆ చీవాట్లే నాకు ఆ తీర్పు మీద నమ్మకం పెంచాయి.

టీవీ అక్కడితో ఆగింది. చరిత్ర ఆగలేదు. నెల తిరక్కుండా చీకట్లో పొంచి ఎవరో కాల్చితే వర్జిల్ చెయ్యి పనికిరాకుండా పోయింది. 1882 మార్చిలో బిలియర్డ్స్ ఆడుతున్న మోర్గన్‌ని చంపేశారు. వయట్‌కి కోర్టుల మీద ఓపిక పోయింది. అనుమానితుల్ని వెతికి వెతికి కాల్చాడు. తన మీదే వారెంట్లు పుట్టడంతో అరిజోనా వదిలిపోయాడు. మన సినిమాలో అయితే క్లైమాక్స్ అదే కదా. సస్పెండైన ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి బల్ల మీద పెడతాడు, హాల్లో ఈలలు మొదలవుతాయి.

ఈ కథ హైటెక్ సిటీ నీడలో చెప్పుకోవడానికి కారణం ఉంది. టూంబ్‌స్టోన్ వెండి గనుల కోసం 1879లో పుట్టి, చూస్తుండగానే వేలమంది చేరిన ఊరు. మన మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య 1998 నవంబరు 22న సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. జనం వచ్చిపడ్డారు. 2003లో సైబరాబాద్‌కి పోలీసు కమిషనరేట్ వచ్చింది. ఆ కమిషనరేట్ పరిధిలోనే 2019 నవంబరు 27న శంషాబాద్ టోల్‌గేట్ దగ్గర ఒక యువ వెటర్నరీ డాక్టర్‌ని పొట్టనపెట్టుకున్నారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని తిరగబడితే ఆత్మరక్షణ కోసం కాల్చామన్నారు పోలీసులు. జనం వాళ్ల మీద పూలు చల్లారు. దాచడమెందుకు, ఆడపిల్లలున్న ఇళ్లలో ఆ ఉదయం చాలామంది ఊపిరి పీల్చుకున్నట్టే నేనూ పీల్చుకున్నాను.

వారం తిరక్కుండా సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్‌ని వేసింది. 2022 మే నెలలో బయటికొచ్చిన నివేదిక పోలీసుల కథనం నమ్మదగ్గది కాదంది. చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారంది, 10 మంది పోలీసుల మీద హత్య విచారణ జరపాలంది. సుప్రీంకోర్టు ఆ వ్యవహారాన్ని తెలంగాణ హైకోర్టుకి పంపింది. కమిషన్ చెప్పింది తీర్పు కాదు. అది ఆ పోలీసుల మీద పడిన నిందా, నిజమా అన్నది సాక్షుల్ని అడిగి కోర్టు తేల్చాలి.

విచారణ అంటే మనకి యూనిఫాంకి జరిగే అవమానంలా తోస్తుంది. వయట్ ఎర్ప్‌కి మాత్రం ఆ నెల రోజుల విచారణే రక్ష అయింది. అది లేకపోతే అతను దొంగల మాటల్లో హంతకుడిగానే మిగిలేవాడు. కాల్పులు జరిగిన 35 రోజులకే టూంబ్‌స్టోన్‌కి జవాబు దొరికింది. ఇక్కడ ఒక నివేదిక చదవడానికే రెండేళ్లు దాటింది.

టూంబ్‌స్టోన్‌లో కిటికీలోంచి చూసిన కుట్టుపని అడీ బోర్లాండ్ ఉంది. చటాన్‌పల్లి పొలాల్లో, ఇంకా సరిగ్గా తెల్లవారని వేళ, అలాంటి కిటికీ ఎక్కడుంటుంది?