మనుష్యజీవిత పరమావధి

మనుష్యుఁ డెందులకు సృజింపఁబడెను? కథోలిక సత్యోపదేశమునందు బాలబాలికలకు మొట్టమొదట నేర్పఁబడు ప్రశ్నలలో నిది యొకటి. సర్వేశ్వరుని నెఱుఁగుటకును, ప్రేమించుటకును, సేవించుటకును, తుద కాయనతోడ నిత్యానందము ననుభవించుటకును మానవుఁడు కలుగఁజేయఁబడెనని శ్రీసభ బోధ. ఈ యుత్తరమును వల్లించుట సులభము. దానినిబట్టి జీవితమును తూఁచుట కష్టము.

ఆ కష్ట మెట్టిదో మన హైదరాబాదునందలి జూబిలీహిల్సు, ఫిలింనగరు ప్రాంతములు చక్కఁగాఁ దెలుపుచున్నవి. మదరాసున వర్ధిల్లిన తెలుఁగు చలనచిత్ర పరిశ్రమ క్రమముగా నిచటికిఁ దరలివచ్చెను. ఆ రాతిగుట్టలపై స్టూడియోలును, నటుల సౌధములును వెలసినవి. దాపుననే యున్న కృష్ణానగరునందు, చిన్న వేషమైనను దొరకునా యని పల్లెలనుండి వచ్చిన యువకులు ఇఱుకుగదులలోఁ గాలము గడపుచుందురు. వారిలో గోడపత్రికల కెక్కువారు బహుకొద్దిమంది. కీర్తియే జన్మమునకు ఫలమైనచో, తక్కినవారందఱును వ్యర్థముగాఁ బుట్టినవారు కావలయును గదా! ఇంత క్రూరమైన తీర్పును ఏ తల్లి యంగీకరించును?

శ్రీసభ యట్టి తీర్పు చెప్పదు. కథానాయకునకును, దీపములు మోయు పనివానికిని గమ్య మొక్కటే. తెరపై రాజవేషము ధరించినవాఁడును సాయంకాలమున రంగు కడిగికొని, కిరీటమును పెట్టెలోఁ బెట్టి యింటికిఁ బోవును. మిగులునది యాతని యాత్మ. అది యెవరికొఱకు జీవించెనను ప్రశ్నయు మిగులును.

పునీత లొయోలా ఇగ్నేషియసుగారు 1521లో పంప్లోనా కోటయొద్ద ఫిరంగిగుండు తగిలి కాలు విఱిగి మంచము పట్టువఱకు వీరఖ్యాతినే కోరిన యోధులు. రోగశయ్యపైఁ గ్రీస్తుచరిత్రమును, పునీతుల చరిత్రములను జదివి మనసు మార్చుకొనిరి. పిదప వారు వ్రాసిన ‘ఆధ్యాత్మిక సాధనలు’ అను గ్రంథమునందలి మూలబోధ యిది: ధనము, కీర్తి, ఆరోగ్యము మున్నగునవి సాధనములే కాని గమ్యములు కావు, దేవునిఁ జేరుటకుఁ దోడ్పడునంతవఱకు వానిని గైకొని, అడ్డుపడునప్పుడు విడువవలయును.

అట్లైన నటన పాపమా యని కొందఱు తల్లిదండ్రు లడుగవచ్చును. కాదు. జగద్గురువు రెండవ జాన్‌పాల్‌గారు యౌవనమున నటులు. 1941లో నాజీల యేలుబడి క్రిందనున్న క్రాకో నగరమున రహస్యముగా నాటకములాడిన బృందములో వారొకరు. 1978లోఁ బోపుగా నెన్నుకొనఁబడి, 1999లోఁ గళాకారులకు లేఖ వ్రాయుచు, కళాకారులు కొందఱే యైనను, తన జీవితమును చక్కని శిల్పముగా మలచుకొను బాధ్యత ప్రతివానికిని గలదను భావమును దెలిపిరి. ఆ 1978లోనే విజయచందర్‌గారు క్రీస్తుపాత్ర ధరించిన ‘కరుణామయుడు’ చిత్రము మన తెలుఁగునాట వెలువడి, ఊరూరఁ బ్రదర్శింపఁబడెను. కళ సాధనమై నిలిచినపు డెంత మేలు చేయఁగలదో దీనివలనఁ దెలియుచున్నది.

కావునఁ దల్లిదండ్రులకు మనవి యొకటి. బిడ్డ యే యుద్యోగము చేయునని యడుగుటకు మున్ను, ఎట్టివాఁ డగునో, ఎవరి కుపకరించునో యడుగుఁడు. మార్కులు తగ్గినవాఁడును, పోటీలో నోడినవాఁడును తన పుట్టుక వ్యర్థమని తలంపకుండునట్లు పెంచుఁడు.

విద్యార్థులారా! నటులు కండు, వైద్యులు కండు, కర్షకులు కండు. మీకు దొరకిన వేషము చిన్నదా పెద్దదా యని దేవుఁడు విచారింపఁడు. దానిని ప్రేమతో నిర్వహించితిరా యని విచారించును.