‘ఊళ్ళో హాయిగా ఉంది’

విదేశాలకు తరలివెళ్ళే మన కుటుంబాలలో ఒక వాక్యం స్థిరపడిపోయింది. ఇల్లు అద్దెకిచ్చారా, కారు అమ్మేశారా, సామాను ఎక్కడ పెట్టారు అని వరుసగా అడుగుతూ వచ్చిన చుట్టం చివరికి ‘మరి కుక్కో?’ అంటాడు. ‘తెలిసినవాళ్ళకు ఇచ్చేశామండీ. బోలెడంత జాగా, చెట్లూ... ఊళ్ళో హాయిగా ఉంది’ అని జవాబు వస్తుంది. అడిగినవాడు తృప్తి పడతాడు. చెప్పినవాడు అంతకన్నా తృప్తి పడతాడు. ఈ టపా ఆ వాక్యం మీద. దాన్ని నేనూ వాడాను కనుక, దానికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పే అర్హత నాకున్నదనే అనుకుంటున్నాను.

మాది వికారాబాదు. మోతి మా ఇంట్లో ఏడేళ్ళు పెరిగింది. జాతి ఏదని అడిగితే చెప్పలేను. మా వీధిలో పుట్టి, వానకు తడిసి, మా గడప ఎక్కినది. కుక్కరు కూత పెడితే మంచం కిందికి దూరేది. ఉరుము ఉరిమితే మా అమ్మ కొంగు పట్టుకునేది. దీపావళి రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు తలుపులన్నీ మూసుకుని దాని పక్కన కూర్చోవాలి. ఆ పని ఎప్పుడూ నాదే.

2018 ఫిబ్రవరిలో నాకు జర్మనీలో ఉద్యోగం ఖాయమైంది. జూలైలో ప్రయాణం. అమ్మ హైదరాబాదులో అక్క దగ్గరికి వెళ్ళేటట్టు నిర్ణయమైంది. అక్క ఉండే అపార్టుమెంటులో కుక్కను ఒప్పుకోరు. ఆ ఐదు నెలల్లో నేను వీసాకు తిరిగాను, ధ్రువపత్రాలు అనువాదం చేయించాను, చలికోట్లు కొన్నాను. మోతి సంగతి ‘చూద్దాంలే’ అన్నాను. ప్రయాణానికి మూడు రోజులుందనగా స్నేహితుని కారులో ఎక్కించుకుని, అనంతగిరి గుట్టల మీదుగా తాండూరు తీసుకెళ్ళాను. అక్కడ మాకు తెలిసిన ఒకాయనకు నాపబండల పాలిష్ యూనిట్ ఉంది. పెద్ద ఆవరణ, రెండు వేపచెట్లు, పక్కనే ఇల్లు. మంచి మనిషి. ‘ఏం ఫికర్ చెయ్యకు తమ్మీ, మంచిగ చూస్కుంటం’ అన్నాడు.

కుక్కరు కూతకు వణికే ప్రాణిని బండలు కోసే యంత్రాల మధ్య వదిలానన్న స్పృహ నాకు ఆనాడు లేకపోలేదు. ఉన్నది. అందుకే నోరు మూసుకున్నాను. చెబితే వద్దంటాడేమోనని భయం. వద్దంటే మూడు రోజుల్లో మరొకరిని ఎక్కడ వెతకను? టీకాల పుస్తకం కూడా సొరుగులోనే మరిచిపోయి వచ్చాను.

ఆ ఏటి దీపావళి మరునాడు ఫోను చేశాను. ‘పటాకులకు బెదిరి తాడు తెంపుకున్నది తమ్మీ. రాత్రంత లెంకినం, దొరకలేదు’ అన్నాడాయన. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరువాత, కోపం లేకుండానే అన్నాడు: ‘గిట్ల బెదురుతదని ముందుగాల ఒక్క మాట చెప్పకపోతివి. ఇంట్లనే పెట్టుకుని పక్కన కూసుంటుంటిమి.’

మోతి మళ్ళీ దొరకలేదు. ఆ తరువాత కూడా, ఎవరైనా అడిగితే, చాలాకాలం నేను ‘ఊళ్ళో హాయిగా ఉంది’ అనే చెప్పాను.

ఇది నా నేరాంగీకారం. ఇక వాదానికి వస్తాను.

మనం చెప్పే మొదటి సాకు, ‘తీసుకెళ్ళడం కుదరదండీ, రూల్సు ఒప్పుకోవు’ అని. నేనూ అన్నాను. ఆ నియమాలు చదవకుండానే అన్నాను. తరువాత చదివాను. ఐరోపా సమాఖ్య దేశాలకు మనదేశం నుంచి కుక్కను తీసుకెళ్ళాలంటే ముందు మైక్రోచిప్ అమర్చి, పిమ్మట రేబిస్ టీకా వేయించాలి. టీకా వేసిన 30 రోజులకు రక్తం తీయించి, సమాఖ్య ఆమోదించిన ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. మిల్లీలీటరుకు కనీసం 0.5 అంతర్జాతీయ యూనిట్ల యాంటీబాడీలు ఉండాలి. రక్తం తీసిన నాటి నుంచి 3 నెలలు ఆగాలి. ఒకటీ మూడూ కలిపితే నాలుగు. నా చేతిలో ఉన్నవి ఐదు నెలలు! రూల్సు ఒప్పుకోకపోవడం కాదు, నేను క్యాలెండరు తిప్పి చూడకపోవడం.

అన్ని దేశాలూ ఒకలా ఉండవు, నిజమే. రేబిస్ ప్రమాదం ఎక్కువగా ఉన్న దేశాల నుంచి కుక్కల రాకను అమెరికా 2021 జూలైలో తాత్కాలికంగా నిలిపివేసింది. ఆ జాబితాలో మనదేశమూ ఉంది. 2024 ఆగస్టు 1 నుంచి కొత్త నియమాలతో దారి తెరిచింది. కుక్కకు ఆరు నెలల వయసు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి, మన దగ్గర టీకా వేయించినదైతే దిగేచోట గుర్తింపు పొందిన జంతు సంరక్షణ కేంద్రంలో ముందే చోటు ఖాయం చేసుకోవాలి. ఆస్ట్రేలియా అయితే మనదేశం నుంచి నేరుగా రానివ్వదు. ఖర్చు కూడా సామాన్యమైనది కాదు. ముసలి కుక్కకూ, పగ్ వంటి చప్పిడి ముక్కు జాతికీ విమానం అడుగున ప్రయాణం ప్రమాదమే. కనుక ప్రతివారూ తీసుకెళ్ళి తీరాలని నేననను. లెక్క వేసి, కుదరదని తేల్చుకోవడం వేరు. లెక్కే వేయకుండా కుదరదనడం వేరు. మొదటిది నిర్ణయం, రెండవది తప్పించుకోవడం.

2022 ఫిబ్రవరి, మార్చి నెలలు గుర్తున్నాయా? ఉక్రెయిన్‌లో బాంబులు పడుతుంటే మన వైద్య విద్యార్థులు సరిహద్దులకు నడిచారు. వారిలో కొందరు కుక్కలను, పిల్లులను ఎత్తుకుని మరీ వచ్చారు. మన ప్రభుత్వం ఆ జంతువుల కోసం దిగుమతి నియమాలను సడలించింది. ఇరవై ఏళ్ళ పిల్లలు, యుద్ధం మధ్య, సామాను వదిలేసి కుక్కను మోసుకొచ్చారు. ఐదు నెలల గడువుతో, చేతిలో నియామక పత్రంతో, ఏ బాంబూ పడకుండా, నాకు కుదరలేదు!

ఇక్కడ ఎవరో ఒకరు మహాప్రస్థానిక పర్వం ఎత్తుతారని తెలుసు. కుక్కను విడిచిపెడితేనే రథమెక్కు అని ఇంద్రుడంటే, నమ్మి వచ్చినదాన్ని విడువలేనని ధర్మరాజు స్వర్గాన్నే కాదన్నాడు కదా అని. గొప్ప కథ. కానీ ఈ కథను మనం వాడుకునే తీరు మీద నాకు అనుమానం. ‘ఆయన ధర్మరాజు, మనం మామూలు మనుషులం’ అని నిట్టూర్చి, ఆ పైన ఏమీ చేయనక్కరలేదని తేల్చుకుంటాం. స్వర్గాన్ని కాదనమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. వీసా చించేయమనీ అనడం లేదు. కుక్కను తీసుకునే మనిషితో నిజం చెప్పమంటున్నాను. అందుకు ధర్మరాజు కానక్కరలేదు.

రెండవ సాకు ఇంకా బరువైనది. ‘అమ్మానాన్నలనే వదిలి వెళుతున్నాం, కుక్కొక లెక్కా?’ దీనికి జవాబు వెతుక్కోవడానికి నాకు చాలాకాలం పట్టింది. అమ్మకు మనం ఎందుకు వెళ్ళామో తెలుసు. ఫోను చేస్తే పలుకుతుంది, చేయకపోతే తిడుతుంది. కుక్కకు చెప్పలేం. దాని దృష్టిలో మనం ఊరు మారలేదు. ఒకనాడు లేకుండా పోయాం, అంతే. కారణం చెప్పుకునే వీలు లేనివారి విషయంలోనే బాధ్యత ఎక్కువ, తక్కువ కాదు. పైగా ఈ వాదన చేసేవారిలో కొందరు కుక్కను వదిలేది ఆ అమ్మానాన్నల దగ్గరే. మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దిగలేని మనిషి చేతికి ముప్పై కిలోల లాబ్రడార్ గొలుసు ఇచ్చి, ‘మీకూ కాలక్షేపం’ అంటారు. వారిని ముందు అడిగారా?

మూడవది, ‘వీధిలో వదిలినా బతుకుతుందిలే’ అనేది. బతకదు. వీధికుక్కలకు గుంపులున్నాయి, హద్దులున్నాయి. గిన్నెలో అన్నం తిని పెరిగినది ఆ హద్దులోకి దిగితే మొదటి రాత్రే తెలుస్తుంది. 2025 ఆగస్టులో ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని సుప్రీంకోర్టు ఉత్తర్వు ఇవ్వడం, పదకొండు రోజులకే దాన్ని సవరించడం చూసి దేశమంతా రెండుగా చీలి వాదించుకుంది. పిల్లలను కరుస్తున్నాయని ఒకరు, మూగజీవాలని ఒకరు. ఆ వాదనలో మన ఇళ్ళ గడప దాటించిన కుక్కల సంగతి నాకు ఎక్కడా పెద్దగా వినపడలేదు. వీధి వాటిని కనలేదు, మనమే ఇచ్చాం.

చట్టం ఉందా అంటే ఉంది. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును వదిలివేయడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరమే. మొదటిసారి నేరానికి ఆ చట్టం పెట్టిన జుల్మానా 10 రూపాయల నుంచి 50 రూపాయల వరకు. విమానాశ్రయంలో టీ ఖరీదు కూడా కాదు. కనుక ఇక్కడ మనను ఆపవలసింది చట్టం కాదు, సిగ్గు.

మరి ఏం చేయాలి? వీసా దరఖాస్తు నింపిన నాడే కుక్క సంగతి మొదలుపెట్టాలి. తీసుకునేవారిని మన ఇంటికి పిలవాలి, ఒకసారి కాదు, నాలుగుసార్లు. కుక్కను వారింట ఒక రాత్రి ఉంచి చూడాలి. దాని గుణాలకన్నా ముందు లోపాలు చెప్పాలి: దేనికి బెదురుతుంది, ఎవరిని కరిచింది, ఏది తింటే కక్కుతుంది. కాగితం మీద రాసి, టీకాల పుస్తకంతో కలిపి ఇవ్వాలి. ఏటా టీకాకూ వైద్యానికీ డబ్బు పంపాలి. అక్కడ పొసగకపోతే తిరిగి తీసుకోవడానికి మన తరఫున ఒక మనిషిని నిలబెట్టి వెళ్ళాలి. పిల్లకు సంబంధం చూసేటప్పుడు ఇవన్నీ చేస్తాం. అప్పగింతలంటే ఏమిటో మనకు ఒకరు నేర్పాలా?

అన్నిటికన్నా ముందుమాట ఒకటి. బల్లమీద జీఆర్ఈ పుస్తకాలు పెట్టుకుని బల్లకింద కుక్కపిల్లను పెంచకండి. రెండేళ్ళలో వెళ్ళిపోతామని తెలిసినవారు పన్నెండేళ్ళు బతికే ప్రాణిని తెచ్చుకోవడం ముచ్చట కాదు.

ఇవన్నీ చేసినా కుక్క బెంగపెట్టుకోవచ్చు. తాడు తెంపుకునీ పోవచ్చు. అప్పుడు మిగిలే దుఃఖం వేరు. నా దుఃఖం అటువంటిది కాదు. తాండూరులో ఆ రోజు నా నోట రాని మాటలు లెక్కపెడితే నాలుగే: ‘దీనికి చప్పుళ్ళంటే చాలా భయమన్నా.’ ఆయన తప్పకుండా ఒప్పుకునేవాడు. ఆ సంగతి ఆయన గొంతులోనే విన్నాను.

ఇకమీదట ఎవరైనా ‘ఊళ్ళో హాయిగా ఉంది’ అంటే తల ఊపి ఊరుకోకండి. ‘చివరిసారి ఎప్పుడు ఫోను చేశారు?’ అని అడగండి. నన్ను అలా అడిగినవారు ఒక్కరూ లేకపోయారు.