పట్టా దాకేనా సాయం?

లా కాలేజీల్లో చదివి మంచి స్థితికి వచ్చిన పూర్వ విద్యార్థులు తమ కాలేజీలో పేదపిల్లలకు స్కాలర్‌షిప్‌లు ఏర్పాటు చేయడం ఒక ఆనవాయితీగా మారుతోంది. దీన్ని 'తిరిగి ఇవ్వడం' అంటున్నారు. మంచి పనే. కాని ఎవరికి తిరిగి ఇస్తున్నారు, ఎంతవరకు ఇస్తున్నారు అన్న ప్రశ్నలు వేసుకోకపోతే ఇది కూడా గుడిముందు అన్నదానంలాగా పుణ్యకార్యంగానే మిగిలిపోతుంది. ఆ ప్రశ్నలను భైంసాలో నిలబడి అడిగి చూద్దాం.

భైంసా 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నిర్మల్ జిల్లాలో ఉంది. మహారాష్ట్ర సరిహద్దున ఉన్న పత్తి వ్యాపారపు పట్టణం. బజారులో తెలుగు, ఉర్దూ, మరాఠీ మూడూ వినిపిస్తాయి. ఈ ప్రాంతంలో ఇంటిపట్టున బీడీలు చుట్టి సంసారాలు ఈదే ఆడవాళ్ళు చాలామంది. 2008లో, 2020లో, 2021లో మతఘర్షణలు చూసిన ఊరు ఇది. ఇలాంటిచోట స్త్రీకి చట్టంతో పని ఎప్పుడు పడుతుంది? మనోవర్తి కోసం, ఇంట్లో హింస భరించలేక, ప్రావిడెంట్ ఫండ్ లెక్క తేలక, గొడవల రోజుల్లో పోలీసులు పట్టుకుపోయిన కొడుక్కి బెయిలు కోసం. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం, 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కుంది. అడిగితే వకీలునైతే ఇస్తారు. కాని ఆమె భాషలో ఆమె మాట వినగలిగే, ఆమె సిగ్గుపడి దాచుకున్నదాన్ని కూడా అర్థం చేసుకోగలిగే వకీలు కావాలంటే, ఆ గల్లీల్లోంచే ఒక అమ్మాయి లా చదవాలి. చదివి ఇక్కడి కోర్టులోనే నల్లకోటు వేసుకోవాలి.

ఆ అమ్మాయికి దారి ఎలా ఉంది? హైదరాబాద్ శామీర్‌పేటలో నల్సార్ 1998లో ఏర్పడింది. అందులో సీటు రావాలంటే 'క్లాట్' రాయాలి. ఆ పరీక్ష ఇంగ్లీషులోనే ఉంటుంది. దరఖాస్తు ఫీజే నాలుగు వేలు, ఎస్సీ, ఎస్టీలకు మూడున్నర వేలు. సీటొస్తే ఏడాదికి రెండు లక్షలపైన ఖర్చు. తెలుగు మీడియంలోనో, ఉర్దూ మీడియంలోనో చదివిన బీడీ కార్మికురాలి కూతురికి ఆ స్కాలర్‌షిప్ ఉందన్న సంగతి చేరేసరికే ఆమె పెళ్ళి అయిపోయి ఉంటుంది.

ఈ లోపాన్ని గుర్తించినవాడు షమ్నాద్ బషీర్. బెంగుళూరు నేషనల్ లా స్కూల్ పూర్వ విద్యార్థి. 2010లో ఆయన మొదలుపెట్టిన 'ఇడియా' సంస్థ సీటు వచ్చిన పిల్లల కోసం ఎదురుచూడలేదు. లా విద్యార్థులనే బడులకు పంపి, పేదపిల్లలను వెతికి, క్లాట్‌కు తర్ఫీదునిచ్చి, సీటొచ్చాక ఫీజులకు దాతలను కూడగట్టింది. 2019లో ఆయన చనిపోయారు గాని, సాయం కాలేజీ గేటుకు బయటే మొదలవ్వాలన్న ఆయన ఆలోచన మనం నిలబెట్టుకోదగ్గది.

స్కాలర్‌షిప్ ఎవరికివ్వాలో నిర్ణయించేవాళ్ళ చూపు ఎటువంటిదో కూడా స్త్రీలుగా మనం గమనించాలి. కొర్నీలియా సొరాబ్జీకి చదువులో అర్హత ఉన్నా, ఆడపిల్ల కాబట్టి ప్రభుత్వ స్కాలర్‌షిప్ దక్కలేదు. ఇంగ్లండులోని మిత్రులు చందాలు వేసుకుంటే 1889లో ఆక్స్‌ఫర్డ్ చేరింది. ఆ తరవాత కూడా ఈ దేశపు కోర్టుల్లో స్త్రీలు వకీళ్ళు కావడానికి 1923లో ప్రత్యేకంగా చట్టం చేయవలసి వచ్చింది. న్యూయార్క్ యూనివర్శిటీ లా స్కూల్లో రేపటి నాయకుల కోసమని పెట్టిన రూట్-టిల్డెన్ స్కాలర్‌షిప్‌ను, అక్కడి విద్యార్థినులు పోరాడేవరకు, అంటే 1960ల చివరిదాకా, మగవాళ్ళకే ఇచ్చారు. ఇవాళ అలాంటి షరతు ఎవరూ కాగితం మీద రాయరు. 'నాయకత్వ లక్షణాలు', 'చక్కటి ఇంగ్లీషు', 'ఇంటర్వ్యూలో చొరవ' అని రాస్తారు. తలవంచుకుని నడవమని నేర్పిన ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి ఆ మాటల దగ్గరే ఆగిపోతుంది.

అసలు కష్టం పట్టా వచ్చాక మొదలవుతుంది. బార్ కౌన్సిల్లో పేరు నమోదుకు కొన్ని రాష్ట్రాల్లో 15 వేల నుంచి 42 వేల దాకా గుంజేవారు. అడ్వకేట్ల చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలకు 125 రూపాయలకు మించి తీసుకోకూడదని 2024 జూలైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గ్రామీణ ప్రాంతాల్లో జూనియర్లకు నెలకు కనీసం 15 వేలు ఇవ్వమని సిఫారసు చేసింది. అది సిఫారసు మాత్రమే. చిన్న పట్టణపు సీనియర్ ఇవ్వకపోతే అడిగేవారు లేరు. చేతిలో పైసా లేకుండా మూడేళ్ళు కోర్టు చుట్టూ తిరగడానికి మగపిల్లవాడికి ఇంట్లోవాళ్ళు ఎలాగో ఒప్పుకుంటారు. ఆడపిల్లకు ఒప్పుకోరు. ఆమె హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం వెతుక్కుంటే తప్పు పట్టే హక్కు మనకు లేదు.

షరతు పెట్టి వెనక్కి రప్పించవచ్చు కదా అనేవాళ్ళున్నారు. అంబేడ్కర్‌ను 1913లో కొలంబియాకు పంపింది బరోడా స్కాలర్‌షిప్పే. చదువయ్యాక పదేళ్ళు సంస్థానంలో కొలువు చేయాలన్నది ఒప్పందం. 1917లో ఆయన తిరిగివస్తే బరోడాలో అద్దెకు గది దొరకలేదు. మనిషిని రమ్మనడమే కాదు, వచ్చినచోట బతకగలిగే ఏర్పాటు కూడా చేయాలి.

ఇదంతా ఎందుకు చేయాలి అని పూర్వ విద్యార్థులు అడిగితే, బాకీ ఉన్నారు కనక అని చెప్పాలి. నల్సార్ వంటి సంస్థలు ప్రజల సొమ్ముతో, ప్రభుత్వం చేసిన చట్టాలతో ఏర్పడ్డవి. బీడీలు చుట్టిన తల్లులైతే మొన్నమొన్నటిదాకా తమ పిల్లల స్కాలర్‌షిప్పులను తామే సంపాదించుకున్నారు. 1976 నాటి చట్టంతో బీడీల మీద సెస్సు వేసి, ఆ సంక్షేమ నిధి నుంచే పిల్లల చదువుకు ఇచ్చేవారు. 2017లో జి.ఎస్.టి. రావడంతో ఆ సెస్సు పోయింది. ఆ తల్లి ముందు ఎవరైనా దాతగా నిలబడడం సబబేనా?

అందుకని మనం అడగవలసినవి ఇవి. భైంసా, ముధోల్, నిర్మల్ ఇంటర్ కాలేజీల్లో అమ్మాయిలకు వాళ్ళ భాషలోనే తర్ఫీదు మొదలుకావాలి. లాసెట్ రాసి కాకతీయ, ఉస్మానియా కాలేజీల్లో చేరే పిల్లలకూ ఈ డబ్బు అందాలి. పట్టా అందుకున్నాక సొంత ఊరి కోర్టులో పనిచేస్తానన్న అమ్మాయికి మూడేళ్ళు జీవనభృతి ఇవ్వాలి. ఎంపిక చేసే కమిటీలో స్థానిక మహిళా సంఘాలు ఉండాలి. చెక్కు అందుకుంటూ ఫోటో దిగే శిక్ష ఏ అమ్మాయికీ ఉండకూడదు.

నెలకు 15 వేల చొప్పున మూడేళ్ళకు 5 లక్షల 40 వేలవుతుంది. పెద్ద లా స్కూల్లో రెండుమూడేళ్ళ చదువుకయ్యే ఖర్చు. ఒక బ్యాచి వాళ్ళు తలా కొంత వేసుకుంటే పోగయ్యే మొత్తం. దానితో భైంసా కోర్టులో ఒక అమ్మాయి నిలదొక్కుకుంటుంది. ఆమె దగ్గరికి వచ్చే ఆడవాళ్ళు తమ గోడు చెప్పుకోవడానికి మధ్యలో ఇంకొకరిని పెట్టుకోనక్కరలేదు.