ఫైబర్ బానెట్‌కు పగుళ్లా?

బరువు తక్కువ, తుప్పు పట్టదు, చూడ్డానికీ స్టైల్‌గా ఉంటుంది. అందుకే కంపెనీ ఇచ్చిన ఇనుప బానెట్ తీసేసి ఫైబర్‌గ్లాస్‌ది వేయించాలని కుర్రకారుకు ఉబలాటం. తీరా కొన్నాళ్లకే రంగు మీద సాలెగూడులా సన్నటి గీతలు! తిట్లన్నీ పెయింటర్‌కే. నిజానికి తప్పు చాలాసార్లు రంగుది కాదు, దాని కింద ఉన్నదానిది.

ఇలాంటి బానెట్ అచ్చు నుంచి తేలిగ్గా ఊడిరావడానికి మైనం పూస్తారు. అది కాస్త మిగిలినా రంగు పెచ్చులుగా లేస్తుంది. మైనం పూర్తిగా కడిగి తుడిచాకే ఉప్పుకాగితం పట్టించండి. ముందే రుద్దితే మైనం గీతల్లోకి దిగుతుంది.

కొత్త బానెట్‌లో రెసిన్ పూర్తిగా గట్టిపడటానికి సమయం పడుతుంది. అందుకే రంగు వేయకుండానే కారుకు బిగించి కొద్దిరోజులు తిప్పడం మంచిది. ఎండకీ ఇంజిన్ వేడికీ అది కుదురుకుంటుంది. ఎక్కడ సరిపోలేదో కూడా అప్పుడే తెలుస్తుంది. సందు కలవలేదని బోల్టులు లాగి బిగిస్తే ఆ ఒత్తిడే తర్వాత పగులవుతుంది.

ఎత్తుపల్లాలు కప్పడానికి పుట్టీ మందంగా మెత్తించవద్దు. ఫైబర్ వంగుతుంది, పుట్టీ వంగదు. ఎపాక్సీ ప్రైమర్, పైన పల్చటి పూతలు చాలు. పాత పగుళ్లుంటే అడుగుదాకా అరగదీసి, గ్లాస్ మ్యాట్, రెసిన్‌తో నింపించాలి. పైపైన పుట్టీ పూస్తే అదే గీత మళ్లీ తేలుతుంది.

మూసేటప్పుడు ఎత్తునుంచి వదలకుండా, నెమ్మదిగా దించి లాక్ పైభాగంలోనే నొక్కాలి. లాక్ చుట్టూ పగులు కనిపిస్తే మాత్రం రంగు సంగతి తర్వాత. వేగంలో బానెట్ లేచి అద్దాన్ని కప్పేయొచ్చు. బాగుచేయించేదాకా బండి తీయవద్దు.